సెప్టెంబరు 30 నాటి లెక్క

మా బడి ప్రవేశాల రిజిస్టరులో పుట్టిన తేదీ రాసే గడిని వరుసగా చూసుకుంటూ పోతే, పాత పేజీల్లో జూన్ 1, జులై 1 తప్ప మరో తేదీ కనిపించడం అరుదు. ఊళ్ళో సగం మంది ఆ రెండు రోజుల్లోనే పుట్టారన్నమాట. పిల్లవాణ్ణి చేర్చడానికి వచ్చిన తండ్రికి వాడు పుట్టిన సంవత్సరమే సరిగా గుర్తుండేది కాదు. పెద్ద వాన పడి వంక పొర్లిన ఏడు పుట్టాడనో, పక్కింటివాళ్ళ పిల్లకంటే ఒక పంట చిన్నవాడనో చెబితే, బడి తెరిచే నాటికి ఐదేళ్ళు నిండేలా చూసుకుని ఐవారు ఒక తేదీ వేసేవారు. ఆ తేదీయే తర్వాత పదో తరగతి సర్టిఫికెట్టుకూ, ఉద్యోగానికీ, పింఛనుకూ ఆధారమయ్యేది. నేను చదువుకున్నదీ, ఉద్యోగంలో ఎక్కువ కాలం పాఠం చెప్పిందీ ఆ బడిలోనే కాబట్టి, ఒక పాత పేజీలో నా పేరు పక్కన కూడా జూన్ 1 అనే ఉంది. ఆ పుణ్యమా అని నా పదవీ విరమణ వేసవి సెలవుల్లో, పిల్లలెవరూ లేని మే నెలాఖరున జరిగిపోయింది.

మా ఊరు కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆదోని డివిజనులో ఉంటుంది. పల్లె అనడానికి పెద్దది, పట్నం అనడానికి చిన్నది. ఇళ్ళలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. చాలామంది పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష మాట్లాడుతూ బడికి వచ్చి, పాఠ్యపుస్తకంలోని తెలుగును మూడో భాషలాగా నేర్చుకునేవారు. నా చిన్నతనంలో అది పంచాయతీ సమితి ఎలిమెంటరీ స్కూలు. 1985లో మండలాలు ఏర్పడిన తర్వాత గోడ మీది పాత పేరు చెరిపి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని రాయించారు. జనం మాత్రం అప్పుడూ ఇప్పుడూ దాన్ని పెద్దబడి అనే అంటారు.

ఆ రోజుల్లో షావుకారు కొడుకూ కూలివాడి కొడుకూ ఒకే బండమీద కూర్చుని చదివారని మా తరంవాళ్ళం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం. అది సగం నిజం. షావుకారు కొడుకు పక్కన కూర్చున్న కూలివాడి కొడుకు నిజమే, కానీ వాడి చెల్లెలు అక్కడ లేదు. దళితవాడ నుంచి వచ్చిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో ఆడపిల్లలు ఇంకా తక్కువ. రాని పిల్లల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు కనుక, వాళ్ళు రాలేదన్న సంగతి కూడా ఎవరికీ పట్టేది కాదు. మా తరగతి చదువులో ముందుండేదని అనుకుంటాం. వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది ఇంట్లో అప్పటికే చదువు వచ్చినవాళ్ళో, కనీసం చదువు మీద ఆశ ఉన్నవాళ్ళో ఉన్నప్పుడు ఆ తరగతి ముందుండక ఏం చేస్తుంది? ఆనాటి బడిని తలుచుకుని ఈనాటి బడిని తక్కువ చేసేవాళ్ళ మాట నాకు అందుకే పూర్తిగా రుచించదు.

1980లలో నేను టీచరుగా చేరేనాటికి బడి ఎలా నడుస్తోందన్నది తేల్చేది తనిఖీయే. అధికారి వచ్చి ఐదో తరగతివాళ్ళలో ఒకరిని లేపి పాఠం చదివించేవారు, మరొకరిని పదమూడో ఎక్కం అడిగేవారు, నోటు పుస్తకాల్లో చూచిరాత చూసి గుండ్రంగా ఉందనో కోడికెలుకుడులా ఉందనో అని సంతకం పెట్టి వెళ్ళేవారు. ఎవరిని లేపాలో టీచరు కనుసన్నల్లోనే తేలిపోయేదని అధికారికీ తెలుసు, టీచరుకూ తెలుసు. ఉక్తలేఖనం మాత్రం ఎవరూ పెట్టించేవారు కాదు. పెట్టిస్తే చూచిరాత వెనకున్నది బయటపడుతుంది.

జాతీయ విద్యావిధానం 1986లో వచ్చింది, మరుసటి ఏడు ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. ఏ ప్రాథమిక పాఠశాలకైనా కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, అందులో వీలైతే ఒకరు మహిళ, కొన్ని బోధనోపకరణాలు ఉండాలన్నది దాని ఉద్దేశం. మాకు పటాలు, సైన్సు కిట్టు, ఆటవస్తువులు వచ్చాయి. కిట్టులో ఒక్క గాజుకుప్పె పగిలినా స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పుకోవాలి కనుక, మా చుట్టుపక్కల చాలా బళ్ళలో ఆ పెట్టె తాళం వేసిన బీరువాలో భద్రంగా ముసలిదైపోయింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణ దీనికంటే మాకు ఎక్కువ ఉపయోగపడిందని నా అభిప్రాయం. టీచర్ సెంటరులో చుట్టుపక్కల బళ్ళవాళ్ళం కూడి, పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి పని చేయించడం, గోడ మీద వాళ్ళ బొమ్మలు అంటించడం నేర్చుకున్నాం. ఒక గదిలో రెండు తరగతులు నడపాల్సిన టీచరుకు ఆ పద్ధతే ప్రాణం పోసింది.

అదే జాతీయ విద్యావిధానంతో వచ్చిన నవోదయ విద్యాలయం మా ఊరికి మరో కొలబద్ద ఇచ్చింది. మా జిల్లా నవోదయ ఎమ్మిగనూరు దగ్గరి బనవాసిలో ఉంది. ఐదో తరగతి పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి ఆరులో చేరాలి, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల పిల్లలకే. పెద్దబడి నుంచి ఒక పిల్లవాడు బనవాసికి ఎంపికైన ఏడు మా హెడ్మాస్టరుకు బజారులో నడిచే తీరే మారిపోయింది. టీ అంగడివాడు కూడా మన బడి మంచిదే అన్నాడు. మిగిలిన ముప్ఫై నలభై మందికి ఏమి వచ్చో ఏమి రాదో ఎవరూ అడగలేదు. ఒక్కడి విజయంతో బడి మొత్తాన్ని కొలిచే అలవాటు మాకు అలా పట్టుకుంది, ఆ తర్వాత పోలేదు.

ఇక లెక్కల కాలం వచ్చింది. దేశంలో 1994లో మొదలైన డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) పథకం, 1996లో మన రాష్ట్రంలో తొలివిడతగా ఐదు జిల్లాలకు వచ్చినప్పుడు అందులో కర్నూలు ఒకటి. స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటుకన్నా తక్కువ ఉన్న జిల్లాలను ఆ పథకానికి ఎంచుకున్నారు. 1991 జనాభా లెక్కల్లో రాష్ట్ర అక్షరాస్యత మొత్తం మీదే 44 శాతం, ఇక మా పడమటి మండలాల ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. మేము వేసవిలోనే ఇంటింటికీ తిరిగి బడి ఈడు పిల్లలను రాసుకోవాలి. ఎవరు బడిలో ఉన్నారు, ఎవరు మానేశారు, ఎవరు అసలు చేరలేదు అని మూడు వరుసలుగా పట్టిక తయారయ్యేది. రాని పిల్లలకు మొదటిసారి ఒక కాగితం మీద చోటు దొరికిందంటే ఆ సర్వేల వల్లే. మండుటెండలో తిరగడాన్ని మేము ఎంత తిట్టుకున్నా, ఆ పని విలువ నాకు అప్పుడే అర్థమైంది. కొత్త గదులు కట్టారు, విద్యా వాలంటీర్లను ఇచ్చారు, జూన్‌లో పిల్లలతో ఊరేగింపులు తీయించారు. నమోదు పెరిగింది. దళితవాడ ఆడపిల్లలు పలకలు పట్టుకుని మా బడి గేటు దాటి రావడం నేను టీచరుగా ఉండగా చూసినవాటిలో అన్నిటికంటే పెద్ద మార్పు. 1991లో 44 ఉన్న రాష్ట్ర అక్షరాస్యత 2001 నాటికి 60 శాతం దాటిందంటే, ఆ పెరుగుదలలో మా పలకలవాళ్ళ పాలు కూడా ఉంది.

అయితే ఆ లెక్కకు ఒక తేదీ ఉండేది. ప్రతి బడీ ఏటా తన వివరాలు నింపి పంపే డైస్ ఫారాల్లో సెప్టెంబరు 30 నాటికి బడిలో ఎంతమంది ఉన్నారన్నది రాయాలి. పోస్టులు, పుస్తకాలు, గ్రాంట్లు అన్నీ ఆ అంకెను పట్టుకునే వస్తాయి. మా ప్రాంతానికి ఆ తేదీ ఎంత సరిపడనిదో చెప్పాలంటే సుగ్గి గురించి చెప్పాలి.

కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ వైపు వర్షాధారపు చేలలో ఖరీఫ్ పంట ఇంటికి వచ్చినా రాకపోయినా, దీపావళి దాటాక ఊళ్ళో పని ఉండదు. కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు పత్తి తీయడానికీ, ఆ వెనుకే మిరపకాయ కోతలకూ బయలుదేరతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. లారీలో మొదట బియ్యం మూటలు, వంటగిన్నెలు, చాపలు ఎక్కుతాయి, ఆ తర్వాత పిల్లలు ఎక్కుతారు. కొన్ని ఇళ్ళలో ముసలివాళ్ళు మిగులుతారు, కొన్ని ఇళ్ళకు తాళమే. తిరిగి వచ్చేది ఉగాది ముందో వెనుకో. అంటే విద్యాసంవత్సరంలో దాదాపు సగం గుంటూరు చేలల్లోనే గడిచిపోతుంది. సెప్టెంబరు 30న మా బడి నిండుగా ఉండేది, ఆ లెక్కలో అబద్ధమేమీ లేదు. డిసెంబరులో వచ్చి చూస్తే కొన్ని వీధుల పిల్లలు ఒక్కరూ ఉండేవారు కాదు, ఆ సంగతి ఏ ఫారంలోనూ ఉండేది కాదు.

నాలుగో తరగతిలో ఉన్న ఒక అమ్మాయిని సుగ్గికి తీసుకుపోవద్దని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను. లెక్కల్లో చురుకైన పిల్ల, భాగహారం అప్పుడే పట్టుబడుతోంది. వాళ్ళమ్మ మూటలు కడుతూనే, "చేనులో దిగినంక ఈ చిన్నోన్ని ఎవురు ఎత్తుకోవల్ల సార్? ఈయమ్మే గదా" అంది. ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని మా మాటలు వింటూ నిలబడింది. ఆ తల్లికి చదువు విలువ తెలియక కాదు, ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఉగాది తర్వాత ఆ పిల్ల తిరిగి వచ్చేటప్పటికి మా తరగతి భిన్నాల్లో ఉంది. మరుసటి ఏడు కూడా అంతే. మూడోసారి ఆమె బడికి రాలేదు.

ఇలాంటి పిల్లలకు హాజరు పట్టీలో కొన్నాళ్ళు గైర్హాజరు వేసి, ఆ తర్వాత పేరు కొట్టేసి, జూన్‌లో మళ్ళీ చేర్చుకోవడం మామూలు. అందుకే మా ప్రవేశాల రిజిస్టరులో ఒకే పిల్లవాడికి రెండు మూడు ప్రవేశ సంఖ్యలు దొరుకుతాయి. రిజిస్టరు చూసి ఈ బడిలో ఇంతమంది చేరారని కూడితే ఆ మొత్తం పిల్లల సంఖ్య కాదు, పిల్లలు వచ్చి వెళ్ళి వచ్చిన సంఖ్య. సర్వశిక్షా అభియాన్ కాలంలో బడిలోనే రాత్రి బస, భోజనం ఏర్పాటు చేసి సీజనల్ హాస్టళ్ళు నడిపారు. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్ళినా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవచ్చు. మంచి ఆలోచన. అయితే డబ్బు మంజూరై, నిర్వాహకులు కుదిరి, వంట మొదలయ్యేసరికి లారీలు వెళ్ళిపోయిన ఏడాదులూ ఉన్నాయి. ఎదిగిన ఆడపిల్లను వదిలి వెళ్ళడానికి చాలా ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు కూడా.

1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ మధ్యాహ్న భోజన పథకం కింద మొదట మాకు వచ్చింది వండిన అన్నం కాదు, బియ్యం. ఎనభై శాతం హాజరున్న పిల్లవాడికి నెలకు మూడు కిలోలు. బియ్యం పంచే రోజున వరండా సంతలా ఉండేది, మరునాడు మళ్ళీ మామూలే. ఎనభై శాతం అన్న నిబంధన పిల్లలను బడికి రప్పించిన దానికన్నా హాజరు పట్టీలో టిక్కులను రప్పించిందే ఎక్కువ అని మా స్టాఫ్ రూములో బాహాటంగానే అనుకునేవాళ్ళం. సుప్రీంకోర్టు 2001లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అది అమలైంది. మహిళా సంఘాలవాళ్ళు పొయ్యి వెలిగించిన ఆ నెల నుంచి మధ్యాహ్నం తర్వాత బడి ఖాళీ కావడం తగ్గింది. అంతకుముందు రెండో పూట సగం మంది ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చేవారు కాదు. హాజరు కోసం పెట్టిన పథకాల్లో నేను కళ్ళారా చూసి ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

సరిగ్గా అదే కాలంలో బడికి రెండో వైపు నుంచి గండి పడింది. 1990ల మధ్య నుంచి మా ఊళ్ళో కాన్వెంట్లు ఒకటొకటిగా వెలిశాయి. వాటి ఇంగ్లీషు మీడియం గురించీ, టై బెల్టుల గురించీ అందరూ మాట్లాడతారు కానీ, అసలు కిటుకు వయసులో ఉంది. మేము ఐదేళ్ళు నిండిన పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్చుకోవాలి. కాన్వెంటు మూడేళ్ళకే ఎల్‌కేజీలో చేర్చుకుంటుంది. అంగన్‌వాడీ ఉన్నా అది వేరే శాఖ, వేరే చోటు, అక్కడ చదువుకంటే పౌష్టికాహారానికే పేరు. మేము జూన్‌లో పిల్లలను చేర్పించే బడిబాట అంటూ ఇంటి తలుపు తట్టేసరికి ఆ పిల్లవాడు రెండేళ్ళుగా మరో బడిలో ఉన్నాడు, ఫీజు కట్టి ఉంది, ఆటో మాట్లాడి ఉంది. ఊళ్ళో ప్రతి జూన్‌లోనూ మేము పోటీలోకి రెండేళ్ళు ఆలస్యంగా దిగినవాళ్ళమే.

వెళ్ళినవాళ్ళు ఎవరన్నది అంతకంటే ముఖ్యం. మొదట వ్యాపారుల పిల్లలు, తర్వాత ఉద్యోగుల పిల్లలు వెళ్ళారు. అందులో ప్రభుత్వ టీచర్ల పిల్లలూ ఉన్నారు, ఆ సంగతి దాచేదేమీ లేదు. నా సహోద్యోగుల్లో ఎక్కువమంది తమ పిల్లలను కాన్వెంటు ఆటో ఎక్కించి తాము పెద్దబడికి నడిచి వచ్చేవారు. ఆ తర్వాత అప్పు చేసి అయినా ఫీజు కట్టగల రైతుల పిల్లలు, చివరకు ఒకే ఇంట్లో కొడుకు కాన్వెంటుకు, కూతురు మా బడికి. ముందుగా వెళ్ళినవాళ్ళు ఎవరంటే, బడికి వచ్చి ఐవారూ, మా వాడికి గుణింతాలు రాలేదేం అని నిలదీసేవాళ్ళు. 1998లో వచ్చిన చట్టం ప్రకారం తల్లిదండ్రులతో విద్యా కమిటీలు ఎన్నుకున్నాం. కమిటీలు ఏర్పడే నాటికే గట్టిగా మాట్లాడగల తల్లిదండ్రులు చాలామంది బడి విడిచిపెట్టారు. మిగిలినవాళ్ళు తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వేసి, సార్, పనికి పోవాల అని నిలబడే లేచిపోయేవారు. మా బడి చదువులో వెనకబడిందని ఊరు అనుకునేది. చదివించుకోగల ఇళ్ళ పిల్లలను తీసేసి మిగిలిన తరగతిని, ఆ పిల్లలతో నిండిన మరో తరగతితో పోల్చి వెనకబడింది అంటే, టీచరు మారకుండానే బడి చెడిపోయినట్టు కనిపిస్తుంది. అలాగని టీచర్ల తప్పు లేదని వాదించను. పదింటికి రావలసినవాడు పదిన్నరకు వచ్చిన రోజులను పిల్లలూ చూశారు, ఊరూ చూసింది.

నమోదు తగ్గితే పోస్టు పోతుంది. నమోదును బట్టి పోస్టులు సర్దే రేషనలైజేషన్ అన్న మాట వినబడగానే హెడ్మాస్టర్లు రిజిస్టరు ముందేసుకుని కూర్చునేవారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక లెక్క స్పష్టంగా రాసి పెట్టారు: ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, అది దాటితే ఐదుగురు. తరగతులు మాత్రం ఎప్పుడూ ఐదే. నిష్పత్తి ప్రకారం ముప్ఫై మందికి ఒక టీచరు ఉన్నట్టే, నిజానికి ఒక టీచరు ముందు రెండు మూడు తరగతులు ఉన్నట్టు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే మూడో తరగతివాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చుంటారు. అది తల్లి కంట పడుతుంది. మరుసటి ఏడు ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోతారు, మరో పోస్టు సర్‌ప్లస్ అవుతుంది. కాన్వెంటులో చదివే పిల్లల పేర్లు కూడా కొన్నిచోట్ల ప్రభుత్వ బడి పట్టీల్లో నిలిచి ఉండేవంటే ఈ భయమే కారణం. విద్యార్థుల వివరాలకు ఆధార్ సంఖ్యలు జోడించిన తర్వాత ఆ పేర్లు రాలిపోయాయి, చాలా బళ్ళ నమోదు ఒక్క ఏడాదిలో పడిపోయినట్టు కనిపించింది. పడిపోయింది పిల్లలు కాదు, కాగితం.

ఇంతకూ పిల్లలకు చదవడం వచ్చిందా? 2000లలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. భాషాభివృద్ధి కోసం క్లిప్ పేరుతో కార్యక్రమం నడిచింది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో ఇళ్ళకు వెళ్ళి, అక్షరం, పదం, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ అని మెట్లు పెట్టి పిల్లల చేత చదివిస్తోంది. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి కథ చదవలేని పిల్లలు దేశమంతటా పెద్ద సంఖ్యలో ఉన్నారని ఆ నివేదికలు చెబితే పట్నాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు. మాకు అది కొత్త సంగతి కాదు. హాజరుంటే పై తరగతికి పంపేయాలన్న విధానం మన రాష్ట్రంలో విద్యాహక్కు చట్టానికి చాలా ముందు నుంచే ఉంది కదా.

ఐదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పాఠం చదవమంటే గొంతు సవరించుకుని, ఎక్కడా తడబడకుండా, విరామచిహ్నాల దగ్గర ఆగుతూ పేజీ అంతా చదివేసేవాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు వాణ్ణి మెచ్చుకుని వెళ్ళారు. ఒక మధ్యాహ్నం నేను వాడి పక్కన కూర్చుని, మూడో వరుస మధ్యలో ఉన్న చెరువు అన్న మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాను. వాడు నా వేలు వైపు చూడలేదు. వాక్యం మొదటికి వెళ్ళి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు ముడుస్తూ వచ్చి, నా వేలి దగ్గరకు చేరాక చెరువు అన్నాడు. తర్వాత ఆ మాటనే పలక మీద విడిగా రాసి చూపించాను. చాలాసేపు చూసి, ఇది మా పుస్తకంలో లేదు సార్ అన్నాడు. తరగతిలో విన్నదంతా పొల్లుపోకుండా మనసులో పెట్టుకోగల తెలివైన పిల్లవాడు వాడు. ఆ జ్ఞాపకశక్తే వాడికి అక్షరాలు రాలేదన్న సంగతిని నాలుగేళ్ళు కప్పిపెట్టింది. ఆ రోజు నుంచి వాడికి బడి విడిచాక ఒత్తులూ గుణింతాలూ మొదటి నుంచి చెప్పాను. వేసవి సెలవులు వచ్చేసరికి వాడు అంగళ్ళ బోర్డులు చదువుతున్నాడు, మొదట్లో కంటే చాలా నెమ్మదిగా, తడబడుతూ. తనిఖీకి వచ్చినవాళ్ళెవరైనా ఆ చదువు విని ఉంటే ఈ బడి ప్రమాణాలు పడిపోయాయని రాసుకునేవారు.

నేను విరమించిన తర్వాత వచ్చిన మార్పులను బయట నుంచి, రోజూ బడి ముందు నుంచి నడిచే మనిషిగా చూశాను. బళ్ళను బాగుచేసే నాడు-నేడు పథకం కింద మరుగుదొడ్లు, బల్లలు, నీళ్ళు వచ్చాయి. నేను చదివిన బండలు టైల్స్ కింద మరుగైపోయాయి. అమ్మఒడి 2020 జనవరిలో మొదలైంది. బడికి పంపే తల్లికి ఏటా 15,000 రూపాయలు అని అప్పుడు ప్రకటించారు. అయితే ప్రైవేటు బడిలో చదివేవారికి కూడా ఇచ్చారు కనుక, మా ఊళ్ళో ఆ డబ్బు కాన్వెంటు ఫీజుకు పోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. పిల్లలను బడికి రప్పించడానికి అది పనికొచ్చి ఉండవచ్చు, పెద్దబడికి రప్పించడానికి మాత్రం కాదు. కరోనా వచ్చి బళ్ళు మూతపడి, 2021 ఆగస్టులో తెరిచినప్పుడు ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లలు తిరిగి వచ్చారు. చాలా ఏళ్ళ తర్వాత ఒకటో తరగతి గది చాలలేదు. ఆ సంబరం తీరకముందే 2022లో జీవో 117 వచ్చి, దగ్గరలో ఉన్నత పాఠశాల ఉన్న చోట మూడు, నాలుగు, ఐదు తరగతులను అక్కడికి తరలించారు. మా ఊళ్ళో హైస్కూలు రోడ్డుకు అవతల ఉంది. మూడో తరగతి పిల్లలు లారీల మధ్య రోడ్డు దాటాలంటే భయపడిన తల్లులు మళ్ళీ కాన్వెంటు ఆటో ఎక్కించారు. హైస్కూలులో సబ్జెక్టుకొక టీచరు దొరుకుతాడన్నది దాని వెనుక ఆలోచన. అది తప్పని అనను, కానీ రోడ్డు సంగతి ఆ ఆలోచనలో లేదు. 2025లో ఆ జీవోను రద్దు చేసి బళ్ళను మళ్ళీ సర్దారు. తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళు అన్నారు. పెద్దబడి అందులో ఒకటైంది.

ఆ జూన్‌లో నా పాత విద్యార్థిని ఒకామె కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్ల కాన్వెంటులో రెండో తరగతి పూర్తి చేసింది. తల్లి ఇంగ్లీషు మీడియం గురించి గానీ, కొత్త బల్లల గురించి గానీ అడగలేదు. "ఈసారి నిజంగానే క్లాసుకొక సార్ ఉంటారా, మా కాలంలో మాదిరి రెండు క్లాసులు కలిపి కూర్చోబెడతారా?" అని అడిగింది. ఈ ఏడాదికి ఐదుగురు ఉన్నారు, వచ్చే ఏడాది సంగతి నమోదును బట్టి ఉంటుందని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, పిల్ల రికార్డు షీటు తెచ్చుకోవడానికి కాన్వెంటు వైపు బయలుదేరుతూ, "దసరా దాకా చూస్తా సార్. చదువు రాకుంటే మళ్ళ ఆడికే తోలుతా" అంది.